యాభై మిల్లీ మంచినూనె

తమిళనాడులోని కోవిల్‌పట్టి మార్కెట్టు రోడ్డులో అయ్యాసామి నూనె అంగడికి బోర్డు ఉండేది కాదు. ముప్పై ఏళ్ళుగా దాని అవసరం రాలేదు. కొత్తవాళ్ళెవరైనా దారి అడిగితే, "చేతికి నూనె అంటని మనిషి అంగడేనా? అదిగో" అని చూపించేవాళ్ళు.

ఆ అంగట్లో దొరికేది ఒక్క నువ్వుల నూనే. ఆ వైపు తెలుగు ఇళ్ళలో దాన్ని మంచినూనె అంటారు. విరుదునగర్ నుంచి పదిహేను కిలోల రేకు డబ్బాల్లో వచ్చేది. కొనడానికి వచ్చేవాళ్ళు మాత్రం దగ్గుమందు సీసాలు, బ్రాందీ సీసాలు, అత్తరు సీసా కంటే కొంచెం పెద్దవి తెచ్చుకునేవాళ్ళు. అంత పెద్ద డబ్బాలోంచి అంత చిన్న మూతిలోకి నూనె పోయడమే అక్కడి పని. మిగతా అంగళ్ళలో గరాటు పెట్టేవాళ్ళు. అయ్యాసామి పెట్టడు.

అతను డబ్బాని ఎడమ మోకాలి మీదికి లాక్కుని, రంధ్రం పైవైపుకి వచ్చేలా తిప్పి, మెల్లిగా వంచేవాడు. తెలియనివాళ్ళు రంధ్రాన్ని కిందివైపు పెట్టి వంచుతారు. అప్పుడు గాలి లోపలికి పోయే దారి లేక నూనె గుడుగుడుమంటూ ఎగిరి బట్టల మీద పడుతుంది. అయ్యాసామి డబ్బా ఎప్పుడూ గుడగుడలాడలేదు. దారంలా సన్నటి ధార జానెడు ఎత్తు నుంచి నేరుగా సీసా మూతిలోకి దిగేది. కావలసిన కొలత దగ్గరికి రాగానే మణికట్టు చిన్నగా తిప్పితే ధార తెగిపోయేది. తెల్ల పంచెతో పొద్దున అంగట్లో కూర్చుంటే సాయంత్రం అదే తెల్ల పంచెతో లేచేవాడు. తెలిసినవాళ్ళు తమ ఇంటికి చుట్టాలొస్తే ఈ వింత చూపించడానికి తీసుకొచ్చిన రోజులున్నాయి.

"పునల్ పెట్టేదానికి చేయి ఏమిటికి?" అనేవాడు అయ్యాసామి. గరాటుని వాళ్ళు తమిళంలో లాగే పునల్ అంటారు. ఆ మాట అన్నప్పుడల్లా అతని మీసం కొంచెం పైకి లేచేది.

పంతొమ్మిది వందల తొంభై ఏడు తమిళుల ఐప్పసి నెలలో, దీపావళి దగ్గరపడుతుండగా, యాభై ఎనిమిదో ఏట, ఒక శుక్రవారం పొద్దున ఆ ధార పక్కకి జారింది.

ఆ సీసా పాప్పాత్తిది. పాప్పాత్తి డెబ్బై దాటిన మనిషి. పక్క పల్లె నుంచి వచ్చి కోవిల్‌పట్టిలో స్థిరపడి, ఇంట్లో కూర్చుని అగ్గిపెట్టెలకి కాగితం అంటించే పని చేసేది. రోజూ ఎనిమిదింటికి వచ్చి యాభై మిల్లీ నూనె పట్టుకెళ్ళేది. ఆ రోజు వంటకీ, దేవుడి దగ్గర దీపానికీ అది సరిపోయేది. మర్నాడు మళ్ళీ వచ్చేది. ఇద్దరూ తెలుగువాళ్ళే కాబట్టి మాటలు తెలుగులోనే.

నూనె సీసా మూతి తప్పి, మెడ మీదుగా కారి ఆమె వేళ్ళ మీద పడింది. పాప్పాత్తి వేళ్ళ వైపు చూసుకుంది. తర్వాత ఆ వేళ్ళు తల వెంట్రుకలకి తుడుచుకుంది.

"తలకి మంచిదే తమ్ముడా" అంది.

"లారీ పోయింది గదక్కా. నేల అదిరింది" అన్నాడు అయ్యాసామి.

పాప్పాత్తి రోడ్డు వైపు చూసింది. లారీ ఏదీ పోలేదు. సీసాకి మూత బిగించుకుని వెళ్ళింది.

తర్వాత వారాల్లో అయ్యాసామి చాలా కారణాలు కనిపెట్టాడు. ఒకరోజు ఫ్యాను గాలి. ఒకరోజు డబ్బా రంధ్రం వంకర. ఇంకోరోజు, "ఈ సీసా చేసినోడికి కండ్లు లేవు, మూతి చూడు ఎట్ల ఉండాదో" అని సీసానే తిట్టాడు. కుడిచేయి వణుకుతోందన్న సంగతి మాత్రం నోట రానివ్వలేదు. అంగట్లో ఖాళీగా కూర్చున్నప్పుడు చేయి బాగానే ఉండేది. దేన్నైనా పట్టుకుని గురి చూడబోతే చాలు, వేళ్ళు సొంతంగా కదలడం మొదలుపెట్టేవి.

అతని భార్య గోవిందమ్మాళ్ ఇదంతా గమనిస్తూనే ఉంది. ఇల్లు అంగడి వెనకే. ఆమె పెళ్ళాడింది సొంత మేనమామని. అందుకని చిన్నప్పటి నుంచీ పిలిచిన "మామా" అన్న పిలుపు పెళ్ళయ్యాక మారలేదు. మామ కాఫీ గ్లాసుని నిండా పోయొద్దంటున్నాడు. చొక్కా గుండీలు పెట్టుకోవడానికి గోడవైపు తిరుగుతున్నాడు. ఇంట్లో గడ్డం గీసుకునే మనిషి మంగలి దగ్గరికి పోతున్నాడు. అడిగితే ఇంకా దాచుకుంటాడని ఆమె ఊరుకుంది. అంగట్లో బల్ల కింద మాత్రం రోజూ ఇంత రంపపు పొట్టు చల్లేది. సాయంత్రం దాన్ని చిమ్మి పారేసేది. పొట్టు ఎందుకు వచ్చిందని అతనూ అడగలేదు.

ఒక పొద్దున అయ్యాసామి పలకా చాక్‌పీసూ తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

"రాయి. అర లీటరుకి తక్కువ ఇచ్చేదిలేదు అని."

"నీకు రాసేదానికి తెలీదా మామా?"

"నీ రాత బాగుంటాది గదా."

అర లీటరు కొనేవాళ్ళు వెడల్పు మూతి గిన్నెలు తెచ్చుకుంటారు. గిన్నెలో పోయడానికి గురి అక్కర్లేదు. గోవిందమ్మాళ్‌కి అంతా అర్థమైంది. తమిళంలో గుండ్రటి అక్షరాలతో రాసిచ్చింది. ముప్పై ఏళ్ళ తర్వాత ఆ అంగడికి ఒక బోర్డు వచ్చింది.

పాప్పాత్తికి చదువు రాదు. ఎప్పటిలాగే ఎనిమిదింటికి వచ్చి సీసా బల్ల మీద పెట్టింది. అయ్యాసామి పలకని చూపించి, దానిమీద ఏం రాసుందో చెప్పాడు.

"అర లీటరా!" అంది పాప్పాత్తి. "అంత నూనెకి నా దగ్గర సీసానే లేదు తమ్ముడా. దీపానికీ తాళింపుకీ గదా నాకు కావాల్సింది."

"ఇంక చిన్న వ్యాపారం లేదక్కా."

"శరి శరి. నీకు కష్టమైతే వద్దు." సీసాని కొంగులో చుట్టుకుని బస్టాండు వైపు నడిచింది. అటువైపు ఇంకో నూనె అంగడి ఉంది. ముసలి కాళ్ళకి అది చాలా దూరం. ఆమె మలుపు తిరిగేదాకా అయ్యాసామి చూస్తూనే ఉన్నాడు. ఆమె తర్వాత ఇంకో నలుగురు అలాగే వచ్చి అలాగే తిరిగిపోయారు.

మధ్యాహ్నం అన్నం వడ్డిస్తూ గోవిందమ్మాళ్ ఇక ఆగలేకపోయింది.

"ఆ ముసలామెని ఏమిటికి తరిమినావు? చేయి వణికితే వణకనీ. నేను పోస్తా. లేదంటే పునల్ పెట్టుకో. దీనికి సిగ్గు ఏమిటికి?"

"ఎవరి చేయి వణికేది?" అని అరిచాడు అయ్యాసామి. కలిపిన అన్నాన్ని అలాగే వదిలి లేచిపోయాడు. ఇరవై ఆరేళ్ళ కాపురంలో అన్నం ముందు నుంచి లేవడం అదే మొదటిసారి.

మర్నాడు పొద్దున ఆమెకి ఎదురు పడలేక, "సరుకు చూసి వస్తా" అని విరుదునగర్ బస్సు ఎక్కేశాడు. మామూలుగా సరుకు లారీలో దానంతటదే వస్తుంది. అయినా సాత్తూరు దాటేదాకా కిటికీ బయటికి చూస్తూ, తను నిజంగా పని మీదే పోతున్నానని తనకి తాను చెప్పుకున్నాడు.

విరుదునగర్‌లో అతను సరుకు కొనే దామోదరసామి నూనె మిల్లుకి ముందువైపు ఒక చిన్న గది ఉంది. అక్కడ చిల్లరగా అమ్ముతారు. అయ్యాసామి ఎప్పుడూ పక్క గేటు నుంచి నేరుగా లోపలికి పోయేవాడు కాబట్టి ఆ గది సంగతి పట్టించుకోలేదు. ఆ రోజు గేటు దగ్గర లారీ అడ్డంగా ఉండడంతో ముందు గదిలోంచి పోవాల్సి వచ్చింది. లోపల అడుగు పెట్టి అక్కడే ఆగిపోయాడు.

బల్ల వెనక ముప్పై ఏళ్ళ ఆడమనిషి ఒక్కతే ఉంది. ఎదురుగా పదిమంది సీసాలు పట్టుకుని వరసలో ఉన్నారు. ఆమె ఎడమచేయి భుజం నుంచి సన్నగా, బలం లేకుండా వేలాడుతోంది. ఉన్న ఒక్క కుడిచేత్తోనే గబగబా సీసాలు నింపుతోంది. బల్ల మీద చుక్క నూనె లేదు.

ఆమె అందరితో తమిళంలో మాట్లాడుతోంది. ఒకసారి నూనె పీపా కొళాయి కాస్త బిగుసుకుంటే మాత్రం దానివైపు వంగి గొణిగింది:

"దిగు తల్లీ, దిగు. అందరూ నీ కోసరం నిలబడుకోని ఉండారు గదా."

అది తెలుగు. అయ్యాసామి చప్పున బల్ల దగ్గరికి వెళ్ళాడు.

"మనోళ్ళా?"

ఆమె నవ్వింది. "ఇంట్లో తెలుగే పెద్దయ్యా. మాది అరుప్పుకోట్టై. నేత పని. నా పేరు తంగం. డబ్బాలు కావాలంటే లోపల ఇస్తారు."

"డబ్బాలకి రాలే. నీ చేయి చూస్తా ఉండా."

ఆమె నవ్వు ఆగిపోయింది. జనం తన చేయిని చూడడం ఆమెకి కొత్త కాదు. "ఏ చేయి?" అంది.

"పని చేసేది."

తంగం మళ్ళీ నవ్వింది. ఈసారి గట్టిగా. వరసలో ఉన్నవాళ్ళ పని అయ్యేదాకా కూర్చోమని ఒక ముక్కాలిపీట చూపించింది. జనం తగ్గాక అయ్యాసామి తన కుడిచేయిని చాపి ఒక సీసా మూతివైపు పెట్టాడు. వేళ్ళు వణకడం మొదలుపెట్టాయి. సొంత భార్యకి చెప్పనిది, గంట క్రితం దాకా ముక్కూమొహం తెలియని మనిషికి చెప్పాడు.

"ఇది నెలకి పైగా నా మాట వినేదిలే."

"నాది రొండో ఏట పోలియో వచ్చినప్పటి నుంచి వినలే" అంది తంగం. "దాన్ని అడిగేదే మానుకున్నా."

ఆమె తన సామాను ఒక్కొక్కటీ చూపించింది. ఇనుప స్టాండు మీద పొడుగాటి పీపా, దానికి అడుగున కొళాయి. కొళాయి కింద చెక్క దిమ్మ, దిమ్మలో సీసా కదలకుండా కూర్చునే గుంట. సీసా మూతిలో ఒక గరాటు. ఆ గరాటు మామూలుది కాదు. దాని గొంతుని ఒక పొడుగు పుల్ల చివర ఉన్న చెక్క బిరడా మూసి ఉంచుతుంది. లోపలి గోడమీద యాభై, నూరు, రెండు నూర్లు అని గీతలున్నాయి. కొళాయి తిప్పితే నూనె గరాటులోనే నిలబడి గీతదాకా పైకి వస్తుంది. కొళాయి కట్టేసి పుల్ల పైకి లాగితే మొత్తం సీసాలోకి దిగిపోతుంది. కొలవడమూ పోయడమూ ఒకే చోట అయిపోతాయి.

"మీరు నూనెని మోస్తా ఉండారు పెద్దయ్యా" అంది తంగం. "మోస్తే గదా గట్టి చేయి కావాల? పైన కూర్చోబెట్టి కిందికి రమ్మంటే అదే వస్తాది. గాలి మాత్రం మరిచిపోవద్దు. కొళాయి తిప్పేముందు పీపా మూత కొంచెం వదులు చేయాల. పునల్‌కీ సీసా మూతికీ నడమ ఈ తీగ ముక్క పెట్టాల. సీసాలో ఉండే గాలి బయటికి రాకపోతే నూనె లోపలికి పోదు. ఉమ్మేస్తాది."

"ఇదంతా నీకు ఎవరు చెప్పిచ్చినారు?"

"ఎవరు చెప్పిస్తారు? పనికి చేరిన మొదటి నెల రోజూ చీర మార్చుకున్నా. ఒక్కో చీర ఒక్కో పాటం."

తర్వాత అతన్ని బల్ల వెనక కూర్చోబెట్టి ఖాళీ దగ్గుమందు సీసా ఒకటి దిమ్మలో పెట్టింది. అయ్యాసామి చుట్టూ చూశాడు. కోవిల్‌పట్టి వాళ్ళెవరూ లేరు. కొళాయి తిప్పాడు. నూనె గీత దాకా వచ్చింది. కట్టేశాడు. పుల్ల పట్టుకున్నాడు. చేతితో పాటు పుల్ల వణికింది. గరాటు వణకలేదు, సీసా వణకలేదు. బంగారు రంగు నూనె చడీచప్పుడూ లేకుండా కిందికి దిగింది.

అతను ఆ సీసాని పట్టుకుని వెలుతురులో పెట్టి చాలాసేపు చూశాడు.

"పునల్ పెట్టినావా అని ఎవరన్నా అడిగితే?" అన్నాడు చివరికి, చిన్న గొంతుతో.

"పెట్టినానని చెప్పండి."

అంత సులభమైన జవాబు ఒకటి ఉందని అతనికి తోచనే లేదు. మధ్యాహ్నం బస్సులో తిరిగి వస్తూ ఆ మాటనే నాలుగైదుసార్లు మనసులో అనుకున్నాడు. ఇంటికి రాగానే కాళ్ళు కడుక్కోకుండానే గోవిందమ్మాళ్‌కి మొత్తం చెప్పాడు: పీపా, కొళాయి, పుల్ల, గీతలు, గాలి. చెబుతూ చెబుతూ, "నా చేయి వణుకుతా ఉండాది గోవిందా" అన్నాడు.

"తెలుసు మామా. ఆకలిగా ఉండాదా?" అంది ఆమె.

రేకుపని చేసే పొన్నయ్య కొట్టు నాలుగు అంగళ్ళ అవతలే. అయ్యాసామి చేతులతో గాలిలో గీసి చూపించిన పీపాని, గరాటుని అతను ఐదు రోజుల్లో తయారుచేశాడు. పనితనం బాగా కుదిరిందని చూపించుకోవడానికి పీపాకి మూత కూడా గట్టిగా అతుక్కునేలా చేశాడు. చీమ కూడా దూరదు అన్నాడు. కార్తీక దీపాలకి ఇంకా పదిరోజులుంది. దీపాలకి నూనె కొనడం అప్పుడే మొదలైంది. పొద్దున పది గంటలకి అంగడి ముందు మంచి గుంపే ఉంది. కొత్త పీపా ఏమిటో చూద్దామని ఊరికే నిలబడినవాళ్ళూ ఉన్నారు.

అయ్యాసామి గొంతు సవరించుకుని, దిమ్మలో సీసా పెట్టి, గరాటు పెట్టి, కొళాయి తిప్పాడు. నూనె కొంచెం వచ్చింది. సన్నబడింది. ఆగిపోయింది.

ఇంకొంచెం తిప్పాడు. రాలేదు. పూర్తిగా తిప్పేశాడు. రాలేదు. పీపాని అరచేత్తో రెండు దెబ్బలు వేశాడు.

"నా కొళాయిలో తప్పు లే" అన్నాడు గుంపులోంచి పొన్నయ్య.

లోపలి నుంచి గోవిందమ్మాళ్ వచ్చి ఒక్క చూపు చూసింది. "గాలి పోవాల గదా మామా, నువ్వే గదా చెప్పినావు" అంటూ రెండు చేతులతో మూత పట్టుకుని లాగింది.

మూత టప్పుమని ఊడింది. అప్పటిదాకా పట్టి ఉన్న నూనె అంతా ఒక్కసారి కొళాయిలోంచి దూకింది. గరాటు నిండింది, పొంగింది, దిమ్మని ముంచి బల్ల మీద పారింది. అయ్యాసామి కొళాయి పట్టుకున్నాడు. నూనెకి చేయి జారింది. మళ్ళీ పట్టుకున్నాడు, మళ్ళీ జారింది. మూడోసారి గోవిందమ్మాళ్ కొంగు చుట్టి కొళాయి కట్టేసేసరికి మూడు లీటర్లు పోయింది. తెల్ల పంచె నడుము నుంచి కింది దాకా పసుప్పచ్చగా తడిసి కాళ్ళకి అంటుకుంది.

ఆ బల్ల మీద నూనె పారడం ఆ వీధిలో ఎవరూ చూసి ఎరగరు.

అప్పుడు దీపాల నూనె కోసం వచ్చిన ఒకావిడ చేతిసంచీలోంచి దూది ఒత్తుల కట్ట తీసి, "అన్నా, బల్ల మీదది శుద్దంగానే ఉండాది గదా, వొత్తులు ముంచుకుందునా?" అని అడిగింది. అయ్యాసామి తల ఊపాడు. ఇంకొకావిడ ఇంటికి పరిగెత్తి తన ఒత్తులు తెచ్చింది. పూలమ్మే మనిషి రెండు చేతులతో తీసుకుని తలకి మర్దించుకుంది. నేలమీదికి కారిన నూనెని చూసి ఎద్దుబండివాడు ఒకడు బండిని అంగడి ముందుకి తెచ్చి, గోనెపట్టాతో అద్ది ఇరుసుకి పట్టించాడు. పక్క అంగడాయన కిర్రుమనే తన తలుపు బందులకి పూశాడు. గంటలో బల్లా నేలా తుడిచినట్టయ్యాయి. ఆ పొద్దు మార్కెట్టు రోడ్డంతా మంచినూనె వాసన వేసింది.

గోవిందమ్మాళ్ నవ్వు ఆపుకోలేక లోపలికి పోయింది. లోపల నుంచి వినపడుతున్న ఆ నవ్వుకి అయ్యాసామికి కూడా నవ్వొచ్చింది. ముందు పొట్ట కదిలింది, తర్వాత భుజాలు, తర్వాత అతను బల్ల పట్టుకుని కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వాడు. నవ్వి నవ్వి, కుడిచేయి పైకెత్తి అందరికీ చూపించాడు.

"చూడండబ్బా. ఇది వణుకుతాది. లారీ లేదు, ఫ్యాను లేదు. ఇదే. ఇంకమీద పునల్ పెట్టే పోస్తా. యాభై మిల్లీ కావాలన్నా ఇస్తా."

"ఇది మాకు ముందే తెలుసుగదా" అన్నాడు పొన్నయ్య. "నువ్వు ఎప్పుడు చెప్తావా అని చూస్తా ఉంటిమి."

మర్నాడు పొద్దున ఏడింటికే అయ్యాసామి పాప్పాత్తి ఇంటికి నడిచాడు. ఆమె గుమ్మంలో కూర్చుని అగ్గిపెట్టెలు అంటిస్తోంది.

"బోర్డు తీసేసినా అక్కా."

"ఏం రాసినారో తెలీదు, ఏం తీసినారో తెలీదు" అంది పాప్పాత్తి తల ఎత్తకుండా. "కూర్చో. కాఫీ తాగు."

అంచుదాకా నింపిన గ్లాసు తెచ్చి ఇచ్చింది. అయ్యాసామి దాన్ని రెండు చేతులతో పట్టుకుని తాగాడు. కొంచెం ఒలికింది. తుడుచుకున్నాడు. ఆమె సీసా కడిగి తెచ్చింది. ఇద్దరూ కలిసే అంగడికి వచ్చారు. గరాటులో నూనె యాభై గీత దాకా ఎక్కడం పాప్పాత్తి వంగి, కళ్ళు చికిలించి చూసింది.

"బాగానే ఉండాది. అయితే నిదానం" అంది.

"నిదానమే."

"నాకు వేరే పనేముండాది? నిలబడుకుంటా." నిలబడి, కోడలి చెల్లెలికి వెంబకోట్టై నుంచి వచ్చిన సంబంధం గురించి మొదలుపెట్టింది. సీసా నిండింది. కథ సగంలో ఉంది. పక్కవాళ్ళ సీసా కూడా నిండింది. ఆమె అప్పుడూ అక్కడే ఉంది.

గోవిందమ్మాళ్ పట్టుబట్టి ఆ వారమే అతన్ని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. డాక్టరు కాగితం మీద సున్నాలు చుట్టించి చూసి, ఇది కొన్ని కుటుంబాల్లో వచ్చే వణుకు, ప్రాణానికి ఏమీ కాదు, మీ నాన్నకి ఉండేదా అని అడిగాడు. లేదనబోయి అయ్యాసామి ఆగాడు. వాళ్ళ అయ్య ఎండాకాలంలో కూడా చేతులు చంకల్లో పెట్టుకుని కూర్చునేవాడు. అడిగితే చలి అనేవాడు.

"ఉండినట్టే ఉండాది" అన్నాడు.

కార్తీక దీపాల రోజున పొద్దున ఆరింటి నుంచి సాయంత్రం దీపాల వేళ దాకా సీసాలు వస్తూనే ఉన్నాయి. ఒక తంటా మాత్రం తేలింది. దిమ్మలో గుంట గుండ్రటిది. బ్రాందీ సీసాలు బల్లపరుపుగా ఉంటాయి, కొన్ని మందుసీసాలు నలుచదరం. అవి గుంటలో సరిగ్గా కూర్చోక ఒరిగిపోతుంటే, రెండో చేత్తో పట్టుకోవాల్సి వచ్చేది. రెండు సీసాలు పక్కకి పడ్డాయి కూడా. గోవిందమ్మాళ్ కాసేపు చూసి లోపలికి పోయింది. గేదెకి పెట్టే పత్తిగింజలు ఒక వెడల్పాటి బేసిన్ నిండా పోసి తెచ్చి, దిమ్మ తీసేసి కొళాయి కింద పెట్టింది. నలుచదరం సీసా తీసుకుని గింజల్లోకి గుచ్చింది. మేకు కొట్టినట్టు నిలబడింది. బల్లపరుపు సీసా గుచ్చింది. అదీ నిలబడింది. ఎప్పుడైనా చుక్క పడితే గింజలే పీల్చుకుంటున్నాయి.

"సాయంత్రం ఈ గింజలు గేదెకే పెట్టేస్తా. దానికీ పండగే" అంది.

అయ్యాసామి ఆ బేసిన్ వైపు, భార్య వైపు చూసి, "ఇది తంగానికి చూపించాల" అన్నాడు.

శివరాత్రి వచ్చే మాసి నెలలో ఒక ఆదివారం ఇద్దరూ విరుదునగర్ బస్సు ఎక్కారు. గోవిందమ్మాళ్ ఒళ్ళో పత్తిగింజల సంచీ, అయ్యాసామి కాళ్ళ దగ్గర బేసిన్. మిల్లు ముందుగదిలో తంగం వాళ్ళని చూసి లేచి నిలబడింది. గోవిందమ్మాళ్ పలకరింపులు కూడా పూర్తి చేయకుండా బేసిన్ బల్ల మీద పెట్టి, గింజలు పోసి, అక్కడున్న సీసాల్లో అన్నిటికంటే వంకరగా ఉన్నదాన్ని వెతికి అందులో గుచ్చింది. తంగం దాన్ని వేలితో పక్కకి తోసింది. కదల్లేదు. గట్టిగా తోసింది. కదల్లేదు.

"ఎనిమిదేండ్లుగా ఈ పని చేస్తా ఉండా" అంది తంగం. "పత్తిగింజల మిల్లు ఎదురుగానే ఉండాది. నాకిది తోచలేదే అక్కా!"

"నీకు గేదె లేదు గదా" అంది గోవిందమ్మాళ్.

తర్వాత ఇద్దరూ కలిసి మిల్లులో ఉన్న సీసాలన్నీ బయటికి తీశారు. పెద్దవి, చిన్నవి, మెడ పొడుగువి, మూతి విరిగినవి. ఒక్కోటీ గింజల్లో గుచ్చి చూస్తున్నారు. ఏ సీసాకి ఎంత లోతు కావాలో, ఆముదానికైతే కొళాయి ఎంత పెద్దది ఉండాలో, కొబ్బరినూనె చలికి గడ్డకడితే ఏం చేయాలో మాట్లాడుకుంటున్నారు. మధ్యలో కొనడానికి వచ్చినవాళ్ళకి అయ్యాసామే కొళాయి తిప్పి నూనె పోయాల్సి వచ్చింది. అతను అందరికీ యాభై, నూరు అడిగినంత పోశాడు. ఒక ముసలాయన చేయి వణకడం చూసి ఏమిటని అడిగితే, మా కుటుంబంలో అంతే అని చెప్పాడు.

రెండున్నర బస్సు పోయింది. మూడున్నరది కూడా పోయింది.

"ఎణ్ణెయ్ పరోటా తిని పోదామా?" అని ఆ ఊరి పేరుపడ్డ నూనె పరోటా కోసం మూడోసారి అడిగాడు అయ్యాసామి.

"ఉండు మామా" అంది గోవిందమ్మాళ్ వెనక్కి తిరగకుండా. "ఈ పొట్టి సీసా ఒకటి చూసి వస్తా."